బీఏ చదువు ఉద్యోగంలో ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ పనికిరాదు

ఇంటర్ ఫలితాలు వచ్చి డిగ్రీ అడ్మిషన్లు మొదలయ్యే రోజుల్లో అనంతపురమైనా, కర్నూలైనా, కడపైనా బీఏ పేరెత్తిన పిల్లలకు ఇంట్లో ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే: "అది చదివితే ఏమొస్తుంది?" అడగాల్సిన ప్రశ్నే. కూలికి పోయి, అప్పు చేసి చదివించే ఇళ్లలో అడక్కపోతేనే తప్పు. కాకపోతే దీనికి చలామణిలో ఉన్న రెండు జవాబులూ సరైనవి కావు. "బీఏ చదివితే గ్రూప్స్ రాయడం తప్ప దారి లేదు" అని మన వీధుల్లో అంటారు. "లిబరల్ ఆర్ట్స్ చదివితే ఆలోచన పదునెక్కుతుంది, ఆ తర్వాత ఏ ఉద్యోగమైనా చేయొచ్చు" అని ప్రైవేటు యూనివర్సిటీల ప్రకటనల్లో రాస్తారు. మూడేళ్లలో విద్యార్థి స్వయంగా ఏ పని చేసి నేర్చుకున్నాడన్నది రెండు జవాబుల్లోనూ లేదు. ఉద్యోగమిచ్చేవాళ్లు చూసేది మాత్రం దాన్నే.

లిబరల్ ఆర్ట్స్ అనే పేరు మనకు కొత్తగా వినిపిస్తోంది కానీ చదువు కొత్తది కాదు. చరిత్ర, ఆర్థికశాస్త్రం, రాజనీతి, సాహిత్యం, తత్వం, గణితం, విజ్ఞానశాస్త్రాలు, వీటిలో కొన్నింటిని కలిపి చదివించే పద్ధతి అది. మధ్యయుగాల యూరప్‌లో ఏడు విద్యలుండేవి: వ్యాకరణం, తర్కం, వక్తృత్వం, అంకగణితం, రేఖాగణితం, సంగీతం, ఖగోళం. ఏడింటిలో లెక్కలకు సంబంధించినవే ఎక్కువ. మన బీఏల్లో లెక్కలు దాదాపు కనుమరుగయ్యాయి. ఆ నష్టం సంగతి తర్వాత చెప్పుకుందాం.

అనంతపురం ప్రభుత్వ ఆర్ట్స్ కాలేజీ 1916లో సీడెడ్ డిస్ట్రిక్ట్స్ కాలేజీగా మొదలైంది. కర్నూలు సిల్వర్ జూబ్లీ కాలేజీ స్వాతంత్ర్యం వచ్చి 25 ఏళ్లయిన సందర్భంగా 1972లో పెట్టినది. బెంగళూరులో అజీమ్ ప్రేమ్‌జీ యూనివర్సిటీ 2010లో, శ్రీసిటీలో క్రియా యూనివర్సిటీ 2018లో వచ్చాయి. సబ్జెక్టుల జాబితా పక్కపక్కన పెట్టి చూస్తే మరీ పెద్ద తేడా కనిపించదు. అసలు తేడా రాయించడంలో ఉంది. ఆ ప్రైవేటు యూనివర్సిటీల్లో విద్యార్థి సెమిస్టర్‌కు ఎన్నోసార్లు సొంతంగా రాస్తాడు, రాసింది దిద్ది వెనక్కిస్తారు, మళ్లీ రాస్తాడు. మన ప్రభుత్వ కాలేజీల్లో చాలాచోట్ల రాసేది పరీక్ష హాల్లోనే. ఆ తేడాను పూడ్చుకోవడానికి లక్షల ఫీజు అక్కర్లేదు. ఒక పద్ధతి, అడిగితే దిద్దిపెట్టే ఒక అధ్యాపకుడు ఉంటే చాలు.

ఉద్యోగంలో సమస్య సబ్జెక్టు పేరు పెట్టుకుని రాదు

ఒక ప్రశ్న తీసుకుందాం. పంట పోయినప్పుడు పరిహారం కౌలు రైతుకు ఎందుకు అందదు? స్వచ్ఛంద సంస్థలో ప్రోగ్రాం ఆఫీసరుకైనా, బ్యాంకు గ్రామీణ శాఖలో ఫీల్డ్ ఆఫీసరుకైనా, విలేకరికైనా, మండల కార్యాలయంలో పనిచేసే ఉద్యోగికైనా ఈ ప్రశ్న తగలక మానదు. దీన్ని ఏ ఒక్క సబ్జెక్టూ పూర్తిగా విప్పలేదు.

చరిత్ర చదివినవాడికి పట్టా ఎలా పుట్టిందో తెలుస్తుంది. 1800లో నిజాం ఈ జిల్లాలను ఈస్టిండియా కంపెనీకి వదిలేశాక థామస్ మన్రో ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చి 1807 దాకా ఉన్నాడు. పొలం పొలం కొలిపించి, శిస్తు కట్టి, రైతు పేరున రాయించాడు. శిస్తు ఎవరి దగ్గర వసూలు చేయాలో తేల్చడానికి పుట్టిన రికార్డు అది. అదే భూమిని ఇంకొకరు గుత్తకో (ఇంత డబ్బని), కోరుకో (పంటలో ఇంత వాటా అని) తీసుకుని దున్నుతుంటే, వాళ్ల పేరు రాయడం దాని పని కాదు. రాజనీతి చదివినవాడు చట్టం దగ్గరికి పోతాడు. 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం కౌలు రైతుకు 11 నెలల ఒప్పందం మీద కార్డు ఇమ్మంది, కానీ ఆ ఒప్పందం మీద భూయజమాని సంతకం ఉండాలంది. ఆర్థికశాస్త్రం చదివినవాడు యజమాని సంతకం ఎందుకు పెట్టడో వెతుకుతాడు. కాగితం మీద పేరెక్కితే భూమి చేజారుతుందేమోనన్న భయం ఒకటి, అదే భూమి మీద తన పేరున ఇప్పటికే తీసుకున్న పంటరుణం ఇంకొకటి. ఇక భాష వచ్చినవాడు ఊళ్లో కూర్చుని, యజమానికి కోపం రాకుండా, కౌలు రైతు నోరు కట్టేసుకోకుండా అడగగలడు.

ఈ నాలుగూ ఒక మనిషిలో కలిస్తే, ఆ మనిషికి జీతమిచ్చి పెట్టుకునే చోట్లు ఉంటాయి. బీఏలో మూడు నాలుగు సబ్జెక్టులు పెట్టింది ఇందుకే. వాటిని వేర్వేరు పేపర్లుగా చదివి, వేర్వేరు గైడ్లతో రాసి, వేర్వేరుగా మర్చిపోవడం వల్ల ఆ ప్రయోజనం నెరవేరడం లేదు.

180 గంటలతో ఏం చేయొచ్చు

రాష్ట్రంలో డిగ్రీ విద్యార్థులకు 2020-21 నుంచి తెచ్చిన పద్ధతిలో మొత్తం పది నెలల ఇంటర్న్‌షిప్ ఉంది. అందులో మొదటిది రెండో సెమిస్టర్ అయ్యాక వేసవిలో చేసే కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, 180 గంటలు. చాలామంది దీన్ని సీనియర్ రికార్డు జిరాక్స్ తీసి పేరు మార్చి ఇచ్చేస్తున్నారు. మూడేళ్ల బీఏలో చేతికందిన అతిపెద్ద అవకాశం అలా పోతోంది. నిజంగా చేస్తే ఎలా ఉంటుందో కాస్త వివరంగా చూద్దాం.

గంటలు ఇలా పంచుకోవచ్చు: ఊరి గురించి, విషయం గురించి ముందు చదవడానికి 20, ప్రశ్నలు తయారుచేసి నాలుగైదు ఇళ్లలో పరీక్షించి దిద్దుకోవడానికి 15, ఇళ్లు తిరగడానికి 60, కంప్యూటర్లో ఎక్కించి సరిచూడటానికి 25, పట్టికలు వేయడానికి 20, నివేదిక రాయడానికి 30, ఊళ్లోవాళ్లకు తెలిసింది చెప్పి వాళ్ల మాట వినడానికి 10.

400 ఇళ్లున్న ఊళ్లో 40 ఇళ్లు చాలు. కానీ ఏ 40? రచ్చకట్ట చుట్టూ ఉన్న ఇళ్లు, పలకరించి కుర్చీ వేసిన ఇళ్లు రాసుకుంటే అది సర్వే కాదు. అంగన్‌వాడీ కార్యకర్త దగ్గర ఇళ్ల రిజిస్టరు ఉంటుంది. అనుమతి అడిగి, దాన్ని చూసి, 1 నుంచి 10 లోపు ఒక అంకె చీటీ తీయాలి. 7 వచ్చిందనుకుందాం. 7, 17, 27... అలా ప్రతి పదో ఇల్లు. ఊరికి దూరంగా ఉండే కాలనీ ఇళ్లు రిజిస్టరులో ఉన్నాయో లేదో ముందే చూసుకోవాలి. లేకపోతే ఊళ్లో అందరికన్నా పేదవాళ్లే లెక్కలోంచి జారిపోతారు. తాళం వేసి ఉందని పక్కింటికి పోకూడదు. ఇంకో రోజు, ఇంకో వేళకు మళ్లీ రావాలి.

కాలం కూడా లెక్కలోకి వస్తుంది. కర్నూలు జిల్లా కోసిగి, మంత్రాలయం వైపు పల్లెలనుంచి మిరపకోతలకు గుంటూరు దిక్కు సుగ్గికి (కూలి వలసకు) పోతారు. ఫిబ్రవరిలో అక్కడ సర్వే చేస్తే ఇళ్లలో ముసలివాళ్లు, చిన్నపిల్లలే ఉంటారు. అప్పుడు రాసుకున్న లెక్కల్లో ఊరి కూలీల సంఖ్య, బడి మానేసిన పిల్లల సంఖ్య రెండూ తప్పే. వేసవి చివర్లో, ఖరీఫ్‌కు ముందు, తిరిగొచ్చాక చేస్తే అదే ఊరు వేరుగా కనిపిస్తుంది.

ఇక ప్రశ్నలు. "మీ వార్షిక ఆదాయం ఎంత?" అని అడిగితే రేషన్ కార్డు ఎక్కడ పోతుందోనని చిన్న అంకె చెబుతారు, లేదా నిజంగానే తెలియక ఏదో ఒకటి చెబుతారు. ఏడాదికి ఇంతని ఎవరు లెక్క రాసుకుంటారు? దాన్ని ముక్కలు చేయాలి. "పెద్దాయనా, పోయిన ఖరీఫ్‌లో ఎన్నెకరాల్లో బుడ్డలు (వేరుశనగ) వేసినారు? ఎకరాకు ఎన్ని మూటలైనాయి? మూటంటే మీ దిక్కు ఎన్ని కిలోలు? ఎంతకమ్మినారు? విత్తనానికెంతైంది?" ఇలా అడిగితే గుర్తు తెచ్చుకుని చెబుతారు, ఆదాయం మనం కట్టుకోవచ్చు. మూట బరువు అడగడం మరిచిపోతే రెండు ఊళ్ల లెక్కలు ఎన్నటికీ కలవవు. ఆడవాళ్లను విడిగా అడగాలి. కూలి రోజులు, డ్వాక్రా అప్పు, పిల్లల చదువు ఖర్చు వాళ్లకే బాగా తెలుసు, భర్త పక్కన కూర్చుంటే చెప్పరు.

ఎక్సెల్‌లో ఎక్కించేటప్పుడు తరచూ జరిగే తప్పు భూమి విస్తీర్ణం దగ్గర. 2 ఎకరాల 5 సెంట్లను 2.5 అని కొడతారు. ఎకరాకు 100 సెంట్లు కాబట్టి అది 2.05. దాదాపు అర ఎకరం తేడా వచ్చేసిందన్నమాట. ఎకరాలకు ఒక నిలువు వరస, సెంట్లకు ఒక వరస పెట్టుకుని తర్వాత కలపడం మేలు. ప్రతి పది ఫారాల్లో ఒకటి తీసి, ఎక్కించినదాంతో పోల్చి చూడాలి. అందులో తప్పు దొరికితే మొత్తం మళ్లీ సరిచూడాలి.

పట్టిక వేశాక సగటు తీస్తారు. ఇక్కడా ఒక గుంట ఉంది. ఐదుగురు రైతులకు ఎకరాకు 2, 3, 3, 4, 18 మూటలు వచ్చాయనుకుందాం. సగటు 6. ఆ ఊళ్లో 6 మూటలు పండించిన రైతు ఒక్కడూ లేడు. వరసలో మధ్యనున్న అంకె, అంటే మధ్యగతం, 3. అది ఊరి పరిస్థితికి దగ్గర. 18 దగ్గర ఆగి ఫారం మళ్లీ చూస్తే, ఆ రైతుకు బోరుంది, మిగతా నలుగురివి వానమీద ఆధారపడిన చేలు. అప్పుడు సగటును పక్కనబెట్టి, బోరు కింద, వర్షాధారం అని రెండుగా విడదీసి రాయాలి. ఈ ఒక్క అడుగు తెలిసిన పిల్లవాడు, పెద్ద పెద్ద సాఫ్ట్‌వేర్ల పేర్లు వల్లించే పిల్లవాడికన్నా పనికొస్తాడని మా గట్టి నమ్మకం.

ఇదే పనిని ఇప్పుడు సంస్థలు ఫోన్లోనే చేయిస్తున్నాయి. నెట్ లేని ఊళ్లోనూ ఫారం నింపి, తర్వాత పంపే కోబో టూల్‌బాక్స్ లాంటివి ఉచితంగా దొరుకుతాయి. ఒక వారం కూర్చుంటే వస్తుంది. అనంతపురంలో 1969 నుంచి పనిచేస్తున్న ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్), చెన్నేకొత్తపల్లి దగ్గరి టింబక్టు కలెక్టివ్ లాంటి సంస్థల పనంతా పల్లెలతోనే కాబట్టి, రెండో ఏడు వేసవి ఇంటర్న్‌షిప్‌కు అలాంటి చోట్ల ముందుగా అడగడం మంచిది. అడిగేటప్పుడు మొదటి ఏడు చేసిన నివేదిక చేతిలో ఉండాలి.

పాత కాగితం చదవడం

చరిత్ర విద్యార్థికి ఉద్యోగంలో అక్కరకొచ్చేది తేదీలు కాదు, కాగితాన్ని నిలదీసే అలవాటు. 1905లో అచ్చయిన అనంతపురం జిల్లా గెజిటీరు (జిల్లా వివరాలతో సర్కారు వేసిన పుస్తకం), 1915లో వచ్చిన కడప జిల్లా గెజిటీరు ఇంటర్నెట్‌లో ఉచితంగా చదవొచ్చు. కడపలో సి.పి. బ్రౌన్ పేరిట ఉన్న భాషా పరిశోధన కేంద్రంలో తాళపత్రాలు, పాత పుస్తకాలు ఉన్నాయి. నెలకు రెండు పేజీలు తీసుకుని నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి: ఇది ఎవరు రాశారు, ఎవరికోసం రాశారు, ఏం కావాలని రాశారు, ఇందులో ఎవరి మాట లేదు? గెజిటీరులో కరువు గురించి చదివితే శిస్తు ఎంత మాఫీ అయింది, గంజి కేంద్రాలెన్ని అన్నది దొరుకుతుంది. కూలి తల్లి ఏమనుకుందో దొరకదు. ఎందుకు దొరకదో రెండు వాక్యాల్లో రాయగలిగితే, రేపు బీమా పత్రం చదివినా, కోర్టు తీర్పు చదివినా, కంపెనీ ఒప్పందం చదివినా అదే కన్ను పనిచేస్తుంది.

ఏఐ రాసిచ్చే పేజీలకు ఈ అలవాటు మరీ అవసరం. రాయలసీమ అనే పేరెప్పుడు పుట్టిందని అడిగితే ఏదో ఒక జవాబు తడుముకోకుండా ఇస్తుంది. 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు ఆ పేరు ప్రతిపాదించారన్నది, శ్రీబాగ్ ఒడంబడిక 1937 నవంబర్ 16న కుదిరిందన్నది పుస్తకంలో సరిచూసుకోగల విషయాలు. యంత్రమిచ్చిన పేజీలో మూడు విషయాలు ఎంచుకుని, మూలం తీసి, తప్పో ఒప్పో పక్కన రాయడం వారానికొకసారి చేయదగ్గ అభ్యాసం. యంత్రం రాసింది సరిచూసే మనిషి అవసరం ఆఫీసుల్లో పెరుగుతోంది. సరిచూడాలంటే విషయం తెలిసుండాలి, ఎక్కడ వెతకాలో తెలిసుండాలి.

రెండు భాషలూ కావాలి

2021-22 నుంచి రాష్ట్రంలో డిగ్రీ కాలేజీలు ఇంగ్లీషు మీడియానికి మారాయి. పదో తరగతి దాకా, ఇంటర్ దాకా తెలుగులో చదివిన పిల్లలు అర్థం కాని వాక్యాలను బట్టీపట్టి రాస్తున్నారు. మూడేళ్లయ్యాక ఇంగ్లీషూ రాదు, తెలుగులో రాసే అలవాటూ పోతుంది. దీనికి పనిచేసే పద్ధతి ఒకటుంది. పాఠం ముందు తెలుగులో అర్థం చేసుకుని, ఐదు వాక్యాల్లో తెలుగులో రాయాలి. తర్వాత పుస్తకం మూసి అవే ఐదు వాక్యాలను సొంత ఇంగ్లీషులో రాయాలి. చిన్న వాక్యాలు, తెలిసిన మాటలు. ఒక పాఠానికి ముప్పావుగంట పడుతుంది. మొదటి సెమిస్టర్లో మొదలుపెట్టినవాళ్లకు మూడో సెమిస్టర్‌కు తేడా తెలుస్తుంది.

అనువాదం ఇంకో మంచి సాధన. వ్యవసాయ శాఖ ఇంగ్లీషు ఉత్తర్వు ఒకటి తీసుకుని, రైతుకు చదివి వినిపిస్తే అర్థమయ్యేలా ఒక పేజీ తెలుగులో రాయండి. ఎక్కడ అర్థం కాలేదో అడిగి దిద్దండి. యాప్‌లకు, బ్యాంకులకు, ఆన్‌లైన్ కోర్సులకు, వార్తా సంస్థలకు ఈ పని చేసేవాళ్లు కావాలి. తెలుగు టైపింగ్ విషయంలో ఒక హెచ్చరిక: డీటీపీ సెంటర్లలో నేర్పే అను ఫాంట్లలో కొట్టిన తెలుగు, మెయిల్లోనో వెబ్‌సైట్‌లోనో అతికిస్తే పిచ్చి అక్షరాలుగా మారిపోతుంది. యూనికోడ్‌లో, ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డుతో నేర్చుకుంటే ఎక్కడైనా చెల్లుతుంది.

లెక్కలు వదిలేస్తే

లెక్కలంటే భయపడి బీఏకు వచ్చేవాళ్లు చాలామంది. ఆ భయం మూడేళ్లూ అలాగే ఉంచుకుంటే, బ్యాంకు పరీక్షలు, ఎంబీఏలో చేరడానికి రాసే ఐసెట్ రెండూ దూరమవుతాయి. ఏపీపీఎస్సీ గ్రూప్-2 ప్రిలిమ్స్‌లో 150 మార్కులకు 30 మెంటల్ ఎబిలిటీవే. మిగతా 120 చరిత్ర, భూగోళం, భారతీయ సమాజం, వర్తమాన వ్యవహారాలు, తలా 30. మెయిన్స్‌లో రెండు పేపర్లు, 300 మార్కులు: రాష్ట్ర సామాజిక చరిత్ర, రాజ్యాంగం, ఆర్థిక వ్యవస్థ, సైన్స్ అండ్ టెక్నాలజీ. ఈ సిలబస్‌లో అధిక భాగం బీఏ పాఠాలే. అయినా బీఏవాళ్లు వెనకబడేది ఆ 30 దగ్గర, ఆ సైన్స్ దగ్గర. శాతాలు, నిష్పత్తులు, సగటు, వడ్డీ, గ్రాఫు చదవడం, ఈ ఐదూ ఎనిమిదో తరగతి స్థాయిలో గట్టిగా వస్తే సగం భయం పోతుంది. రోజుకు అరగంట చొప్పున ఆరు నెలల పని.

గ్రూప్స్ రాయడం తప్పు కాదు. డిగ్రీ చేతికొచ్చాక నాలుగేళ్లు, ఐదేళ్లు గదిలో కూర్చుని అదొక్కటే చదవడం ప్రమాదం. నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో మన చేతిలో లేదు. చిన్న ఉద్యోగమో, బీఈడీనో, లానో చేతిలో పెట్టుకుని రాయడం మేలు.

దారులు, అర్హతలు

మూడేళ్ల ఎల్ఎల్‌బీకి లాసెట్ రాయాలి. డిగ్రీలో ఓసీలకు 45, బీసీలకు 42, ఎస్సీ, ఎస్టీలకు 40 శాతం మార్కులుండాలి. బీఈడీకి ఎడ్‌సెట్. సాధారణంగా 50 శాతం, రిజర్వేషన్ ఉన్నవాళ్లకు 40. సోషల్ టీచరు కావాలనుకునేవాళ్లు ఇంకో సంగతి చూసుకోవాలి. ఆ పోస్టులకు డిగ్రీలో ఏయే సబ్జెక్టులు చదివారన్నది చూస్తారు. 2023-24లో మూడు సబ్జెక్టుల గ్రూపుల స్థానంలో ఒక మేజర్ (ప్రధాన సబ్జెక్టు), ఒక మైనర్ (తోడు సబ్జెక్టు) పద్ధతి వచ్చింది. చరిత్ర మేజర్ తీసుకుని, సంబంధం లేని మైనర్ ఎంచుకుంటే తర్వాత ఇబ్బంది రావొచ్చు. ఈ నిబంధనలు తరచూ మారుతున్నాయి కాబట్టి, చేరే ఏటి ఉత్తర్వును, చివరి డీఎస్సీ నోటిఫికేషన్‌ను పక్కపక్కన పెట్టుకుని చదివాకే సబ్జెక్టులు టిక్కు పెట్టాలి.

నాలుగో ఏడు చదవాలా వద్దా అన్నది ఇప్పుడు అందరూ అడుగుతున్నారు. యూజీసీ 2022 డిసెంబరులో ఇచ్చిన చట్రం ప్రకారం మూడేళ్లకు 120 క్రెడిట్లు, నాలుగేళ్లకు 160. పరిశోధనతో కూడిన ఆనర్స్‌కు మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం ఉండాలి. పరిశోధనకు, అధ్యాపక వృత్తికి పోవాలనుకునేవాళ్లకు నాలుగో ఏడు లాభమే, తర్వాత పీజీ ఒక్క ఏడాదిలో అయిపోతుంది. లా, బీఈడీ, ఎంబీఏ, గ్రూప్-2 వీటికి మూడేళ్లు చాలు. అలాంటివాళ్లు నాలుగో ఏడు కూర్చోవడంలో మాకు ప్రయోజనం కనిపించదు.

ప్రైవేటు ఉద్యోగాలకు రెజ్యూమె పంపేటప్పుడు "గుడ్ కమ్యూనికేషన్ స్కిల్స్" లాంటి మాటలు తీసేయండి. "కోసిగి మండలంలో 40 ఇళ్ల సర్వే, ప్రశ్నావళి తయారీ, ఎక్సెల్ పట్టికలు, తెలుగు, ఇంగ్లీషుల్లో 12 పేజీల నివేదిక" అని ఒక్క వరస రాయండి, చేసి ఉంటేనే. ఇంటర్వ్యూలో ఆ ఒక్క వరస మీదే పది ప్రశ్నలు అడుగుతారు. ఏ ఇళ్లు ఎందుకు ఎంచుకున్నావు, ఏ ప్రశ్న సరిగ్గా పనిచేయలేదు, మళ్లీ చేస్తే ఏం మారుస్తావు అని. జిరాక్స్ రికార్డు ఇచ్చినవాళ్లు మూడో ప్రశ్నకే దొరికిపోతారు.

మార్కుల విషయంలో ఒక జాగ్రత్త. మొదటి సెమిస్టర్లో తప్పిన పేపర్లను వెంటనే ఫీజు కట్టి రాసేయాలి. మూడో ఏడు చివరిదాకా బ్యాక్‌లాగులు మోసుకొస్తే, ఎడ్‌సెట్‌లోనో లాసెట్‌లోనో మంచి ర్యాంకు వచ్చినా, సర్టిఫికెట్ల పరిశీలన నాటికి మెమో చేతికి రాక సీటు పోతుంది.